కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం రివ్యూ, పనిలో పనిగా వైజాగ్ తన గొప్ప చెప్పుకునే తీరు మీద కూడా

రేటింగ్ ముందే చెప్పేస్తా. సబ్‌మెరైన్‌కి ఐదుకి ఐదు. దాని దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్ళిన ప్యాకేజీ టూర్‌కి ఐదుకి ఒకటిన్నర, అది కూడా డ్రైవర్ మంచోడు కాబట్టి. ఈ రెండింటికీ మధ్య తేడా ఎందుకొచ్చిందా అని ఆలోచిస్తే చాలా సంగతులు తట్టాయి, అందుకే ఇది కొంచెం పొడుగ్గా ఉంటది, ఓపిక లేనోళ్ళు సరాసరి కిందకెళ్ళి టిప్స్ చూస్కోండి.

నేను వైజాగోడినే, ఎంవీపీ కాలనీ. అయినా చుట్టాలొస్తే తప్ప సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళం, ఊళ్ళో సగం మంది సంగతి ఇంతే. రోజూ దాని పక్కనుంచే వాకింగ్‌కి పోతాం, దాని ఎదురుగానే నిలబడి మురీ మిక్చర్ తింటాం, లోపల ఏముంది అని ఎవరైనా అడిగితే "ఆఁ చిన్నప్పుడు స్కూల్లో తీసుకెళ్ళారు" అంటాం. ఈసారి హైదరాబాద్ నుంచి అక్కా బావా పిల్లలూ వచ్చారు. నేను తిప్పుతానండీ అంటే బావ వింటేనా, "నువ్వూరుకోవయ్యా, లీవ్ పెట్టుకుని ఎండలో ఏం తిరుగుతావ్, ఆన్‌లైన్‌లో ఒన్ డే సిటీ టూర్ బుక్ చేసేశా, నువ్వు కూడా ఎక్కు" అన్నారు. సరే సొంతూళ్ళో టూరిస్టులాగా తిరిగితే ఎలా ఉంటదో చూద్దాం అని నేనూ ఎక్కేశా. ఆ కంపెనీ పేరు రాయను, వాళ్ళొక్కళ్ళని అని లాభం లేదు, అందరిదీ ఇంచుమించు అదే సరుకు.

వాట్సాప్‌లో వాళ్ళు పంపిన బ్రోచర్ చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పైన పెద్దక్షరాలతో "మినీ గోవాకి స్వాగతం". కింద "దక్షిణాది ముంబై". కొబ్బరిచెట్లు, నీలంగా నీళ్ళు, అందులో కేరింతలు కొడుతున్న జనం, ఆ ఫోటో మన బీచ్‌ది కాదు, ఏ మాల్దీవులదో. ఇంత సముద్రం, కొండలు, పోర్టు పెట్టుకుని పక్కూరి పేరు అరువు తెచ్చుకోవడం ఏటండీ బాబూ. గోవా లాంటి ఊరు కావాలనుకున్నోడు గోవాకే టికెట్ కొనుక్కుంటాడు కదా, ఇక్కడికెందుకొస్తాడు. వచ్చినా సాయంత్రానికల్లా "గోవాలో ఉన్నవి ఇక్కడ లేవే" అని మొహం వేలాడేస్తాడు. మా బావ చేసిందదే. పొద్దున్న పది కాకుండానే "ఇదేనా మీ మినీ గోవా, షాక్‌లు ఏవీ" అని మొదలెట్టారు, షాక్‌లంటే గోవా బీచుల్లో తిండికీ తాగుడుకీ వేసే పాకలు.

ఇంకొకటి, ఇది సీరియస్. సబ్‌మెరైన్ ఉన్న ఈ ఆర్కే బీచ్‌లో సముద్రం ఊరుకునే రకం కాదు, అలల కింద లాగుడు ఎక్కువ, మునిగిపోయినోళ్ళ వార్తలు లోకల్ పేపర్లో ఎన్నిసార్లు చూశామో. ఎక్కడి నీళ్ళలోనో ఈతకొడుతున్న ఫోటో వేసి ఇక్కడికి పిలిస్తే వచ్చినోడు ఏం చేస్తాడు, దిగుతాడు. "మా ఆర్కే బీచ్‌లో లోతుకి దిగకండి, ఒడ్డున నడవండి, ఇక్కడ చూడాల్సింది వేరే ఉంది" అని చెప్పడానికి ఒక ధైర్యం కావాలి. నాకైతే ఊరి మీద నమ్మకం ఉన్నోడే అలా చెప్పగలడు అనిపిస్తది. లేనోడు అన్నీ ఉన్నాయి అంటాడు.

సరే, పొద్దున్నంతా గబగబా అయిపోయింది, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. కైలాసగిరి మీద శివపార్వతుల విగ్రహం దగ్గర ఫోటోలు, తర్వాత ఏదో షాపు దగ్గర ఆపి "ఇక్కడ జీడిపప్పు చాలా ఫేమస్ సార్" అన్నారు, అందరికీ తెలిసిన కమీషన్ భాగోతం, ఆ షాపులో ఉన్నంతసేపు ఇంకెక్కడా లేం. మధ్యాహ్నం భోజనం తర్వాత బీచ్ రోడ్‌లో దింపి టూర్ వాళ్ళ కుర్రాడు చెప్పిందేంటంటే, "సబ్‌మెరైన్ ఇక్కడ, ఎరోప్లేన్ అక్కడ, రెండూ కలిపి నలభై నిముషాలు సార్, ఫోటోలు తీసుకుని వచ్చేయండి". అంతే. పేరు కూడా చెప్పలేదు. ఏ సబ్‌మెరైన్, ఏ ఎరోప్లేన్, ఎందుకున్నాయి ఇక్కడ, ఏమీ లేదు.

ఇక లోపలికి వెళ్దాం.

ఐఎన్‌ఎస్ కురుసుర, 1969 డిసెంబర్‌లో సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నేవీలో చేరింది. మన మొదటి తరం సబ్‌మెరైన్లలో ఒకటి, కల్వరి క్లాస్ అంటారు. 31 ఏళ్ళు పనిచేసి 2001 ఫిబ్రవరి 27న రిటైరైంది. మామూలుగా అయితే తుక్కుకి పోవాలి. అప్పట్లో తూర్పు నౌకాదళం అధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ వినోద్ పస్రీచాకి దీన్ని ఒడ్డుకి తెచ్చి జనానికి చూపిద్దాం అనే ఆలోచన వచ్చింది. 91 మీటర్ల పొడుగు ఇనుప సొరచేపని సముద్రంలోంచి ఇసక మీదకి లాగి కాంక్రీట్ దిమ్మల మీద కూర్చోబెట్టడం అంటే మాటలా, ఏడాదిన్నర పట్టింది, ఐదున్నర కోట్లు అయ్యిందంటారు. 2002 ఆగస్టులో చంద్రబాబు నాయుడు ఓపెన్ చేశారు. దక్షిణాసియాలోనే మొదటి సబ్‌మెరైన్ మ్యూజియం ఇది. మనోళ్ళకి తెలిసీ పట్టనట్టుంటారు గానీ దేశంలో ఎక్కడినుంచో పిల్లల్ని వేసుకుని దీనికోసమే వచ్చేవాళ్ళున్నారు.

మెట్లెక్కి ముందువైపు నుంచి లోపలికి పోతే మొదట వచ్చేది టార్పెడో గది. ఎదురుగా ఆరు గొట్టాల మూతలు గుండ్రంగా. మొత్తం మీద 22 టార్పెడోలు పట్టేవంట, ముందర ఆరు గొట్టాలు, వెనక నాలుగు. పక్కనే గోడకి మంచాలు. అంటే మనుషులు బాంబుల పక్కనే పడుకునేవాళ్ళన్నమాట. మా మేనల్లుడు అయితే ఆ మంచం చూసి "మావయ్యా, ఇందులో నేనైనా పడతానా" అని కొలుచుకుంటున్నాడు.

ఇక్కడే ఈ మ్యూజియానికి నేను ఐదుకి ఐదు ఎందుకిచ్చానో మొదలవుతుంది. గైడ్‌గా నిలబడినాయన రిటైర్డ్ నేవీ మనిషి. ఇక్కడ గైడ్లుగా పెట్టింది రిటైరైన నేవీ వాళ్ళనే. జుట్టు తెల్లబడింది, నిలబడే తీరు మాత్రం ఇంకా డ్యూటీలో ఉన్నట్టే ఉంది. ఆయన మొదలెట్టిన తీరు చూడండి. "ఇది ప్రపంచంలోనే గొప్ప సబ్‌మెరైన్" అనలేదు. "ఇది పాత మోడల్. డీజిల్‌తో ఛార్జ్ చేసిన బ్యాటరీ మీద నడుస్తది. బ్యాటరీ అయిపోతే పైకి రావాల్సిందే, గాలి లేకపోతే డీజిల్ ఇంజన్ తిరగదు. పైకొస్తే శత్రువుకి దొరికిపోతాం. కాబట్టి రాత్రిపూట పైకొచ్చేవాళ్ళం, గొట్టం ఒక్కటి నీళ్ళపైకి పెట్టి ఛార్జ్ చేసుకుని మళ్ళీ కిందకి పోయేవాళ్ళం" అన్నాడు. మీ సెల్‌ఫోన్ సంగతే, రాత్రి ఛార్జ్ పెడితేనే పగలు పనిచేస్తది అని పిల్లలవైపు చూసి నవ్వాడు. అయిపోయింది, డీజిల్ ఎలక్ట్రిక్ సబ్‌మెరైన్ అంటే ఏంటో ఆరో క్లాస్ పిల్లోడికి అర్థమైపోయింది. నేను ఇంజనీరింగ్ చదివినోణ్ణి, నాకు కూడా ఇంత శుభ్రంగా ఎవరూ చెప్పలేదు.

మా మేనకోడలు అడిగింది, "అంకుల్, మునగాలంటే బరువు పెరగాలి కదా, ఎలా పెరుగుతది?" అని. ఆయన ఠక్కున ఆగిపోయాడు, మంచి ప్రశ్న నాన్నా అన్నాడు. గోడ మీద చెయ్యి వేసి చూపిస్తూ, ఈ గోడకి అవతల ఇంకో గోడ ఉంది, రెండింటికీ మధ్య ఖాళీ తొట్లు, వాటిలోకి సముద్రం నీళ్ళు వదిలితే మునుగుతది, సీసాల్లో నొక్కిపెట్టిన గాలిని వదిలి ఆ నీళ్ళని బయటకి తోసేస్తే తేలుతది అని చెప్పాడు. "ఆ గాలి అయిపోతే అంకుల్?" అంది ఇది. ఆయన ఒక్క క్షణం ఆగి, "అయిపోకుండా చూసుకోవడమే మా ఉద్యోగం" అన్నాడు. వెనకాల లైన్లో ఉన్న గుజరాతీ పెద్దాయనకి హిందీలో మళ్ళీ అదే చెప్పాడు, ఆయన కూడా తలూపి పెద్దగా నవ్వాడు.

ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే గుండ్రటి కంతలోంచి కాలు ముందు పెట్టి, తల వంచి దూరాలి. మా అక్క చీరకట్టుకొచ్చింది, ప్రతి కంత దగ్గరా ఒక ప్రహసనం. లోపల మనుషుల బొమ్మలు పెట్టారు, ఒకడు పడుకుని, ఒకడు డయల్స్ చూస్తూ, ఒకడు వంట చేస్తూ. వంటగది చూస్తే అక్క నోరు తెరిచింది, మన అపార్ట్‌మెంట్ బాత్రూం కంటే చిన్నది, అందులోంచి డెబ్బై ఐదు మందికి వండాలి. మంచినీళ్ళు కొలిచి వాడుకోవాలి కాబట్టి స్నానాల మాటే ఉండేది కాదట, డీజిల్ వాసన ఒంటికి పట్టేసి ఇంటికెళ్ళినా పోయేది కాదట. ఇవన్నీ ఆయన ఏడుపుగొట్టుగా చెప్పలా, గొప్పగానూ చెప్పలా. మన ఇంట్లో పెద్దాయన మిల్లు ఉద్యోగం గురించి చెప్పినట్టు మామూలుగా చెప్పుకుపోయాడు. మా బావ మాత్రం సోనార్ గది దగ్గరికొచ్చేసరికి ఫోన్ జేబులో పెట్టేశారు. నీళ్ళ కింద కిటికీ ఉండదు, ఏమీ కనపడదు, చెవులే దిక్కు, పక్కన పోతున్న ఓడ చప్పుడు విని అది సరుకుల ఓడా యుద్ధనౌకా చెప్పాలి అన్నప్పటినుంచి ఆయనే ప్రశ్నలు వెయ్యడం మొదలెట్టారు. షాక్‌ల గురించి మళ్ళీ ఎత్తలేదు.

ఈ పడవ 73,500 నాటికల్ మైళ్ళు తిరిగింది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో కాపలా కాసింది. ఇప్పటికీ నేవీ దీన్ని మర్చిపోలేదు, డీకమిషన్ అయిపోయినా జెండాలతో అలంకరించే గౌరవం దక్కుతున్న కొద్ది వాటిలో ఇదొకటి.

నాకు తట్టిన పాయింట్ ఇదండి. బ్రోచర్ రాసినోడు ఊరిని అమ్ముతున్నాడు, గైడ్ తను చేసిన పని చెప్తున్నాడు. బ్రోచర్ వాడికి ఏ లోపం ఒప్పుకోడానికీ ధైర్యం లేదు, గైడ్ మొదటి వాక్యంలోనే పాత మోడల్ అనేశాడు, అయినా మేం నమ్మింది ఆయన్నే. నిజానికి లోపం ఒప్పుకున్నాకే మిగతావన్నీ నమ్మాం. ఊరి ప్రచారం అనగానే మనోళ్ళకి లైట్లు, డ్రోన్ షో, సెల్ఫీ పాయింట్, "ఐ లవ్ వైజాగ్" అక్షరాలు ఇవే గుర్తొస్తాయి. ఆ అక్షరాలు ఇప్పుడు ప్రతి మున్సిపాలిటీలోనూ ఉన్నాయి, ఊరి పేరు మారుస్తారంతే.

బయటికొచ్చి రోడ్డు దాటితే టీయూ-142. ఇది కూడా ఊరికే పెట్టిన బొమ్మ కాదు. సబ్‌మెరైన్లని వెతికి వేటాడే విమానం, 1988లో మన నేవీలోకి వచ్చింది, 29 ఏళ్ళు పనిచేసింది, 2017 మార్చిలో తమిళనాడులోని అరక్కోణంలో రిటైరైంది. అక్కణ్ణుంచి తనే ఎగిరొచ్చి వైజాగ్‌లో నేవీ విమానాశ్రయం ఐఎన్‌ఎస్ డేగలో దిగింది, తర్వాత ముక్కలుగా విడదీసి బీచ్ రోడ్డు మీదకి తెచ్చి మళ్ళీ బిగించారు, ఆ ఏడాది డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీద ఓపెనింగ్. ఒక్కో ఇంజన్‌కి రెండేసి ప్రొపెల్లర్లు, ఒకదానికొకటి ఎదురు దిక్కులో తిరుగుతాయి, రెక్కల ఈ చివర్నుంచి ఆ చివరికి 50 మీటర్లు. నీళ్ళలోకి జారవిడిచి చప్పుడు వినే సోనోబోయ్‌లు పక్కన హాల్లో పెట్టారు.

ఇప్పుడు చూడండి, రోడ్డుకి ఇటు దాక్కునేది, అటు దాన్ని వెతికేది. ప్రపంచంలో ఇలాంటి జోడీ ఎదురెదురుగా ఎన్ని చోట్ల దొరుకుతది? ఈ ఒక్క ముక్క మైక్‌లో చెప్తే చాలు బస్సులో నిద్రపోతున్నోడు కూడా లేచి దిగుతాడు. మా కుర్రాడు చెప్పింది "ఎరోప్లేన్ అక్కడ".

ఇంకా ఉంది. అక్కణ్ణుంచి బీచ్ వెంబడే నడిచిపోతే విక్టరీ ఎట్ సీ స్మారకం వస్తది. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక మన వైజాగ్ ఒడ్డుకి దగ్గర్లోనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిపోయింది, తొంభైమందికి పైగా ఉన్నారు అందులో, ఒక్కరూ బతకలేదు. అది వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం, విక్రాంత్‌ని అప్పటికే అండమాన్ వైపు దాచేశారు, మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ తనే విక్రాంత్ అన్నట్టు సిగ్నల్స్ పంపుతూ దాన్ని ఇక్కడ ఏమార్చింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలకి, అంటే నీళ్ళలోపల పేలే బాంబులకి, మునిగిందని మనవాళ్ళు, దాని సొంత మైన్లే (సముద్రంలో పెట్టే మందుపాతరలు) పేలాయని పాకిస్తానోళ్ళు, ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. ఆ రాత్రి ఊళ్ళో కిటికీ అద్దాలు అదిరాయని పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. ఇంత కథ నడిచిన సముద్రం ముందు నిలబెట్టి మా కుర్రాడు "ఇక్కడ ఫోటో బావుంటది సార్" అన్నాడు, పాపం వాడికి ఎవరూ చెప్పలేదు, వాణ్ణేం అంటాం.

మీకొకటి చెప్పనా, బౌద్ధుల తొట్లకొండ బయటపడింది కూడా నేవీ వల్లే. 1970ల్లో స్థావరం కోసం విమానంలో సర్వే చేస్తుంటే కనపడింది. అలాగే విశాఖ మ్యూజియంలో 1942లో జపానోళ్ళు ఈ ఊరి మీద వేసిన బాంబు ఒకటుంది, ఏప్రిల్ 6న పడ్డాయి బాంబులు. 1933లో పోర్టు, స్వతంత్రం వచ్చాక ఇక్కడే కట్టిన మొదటి ఓడ జల ఉష, 1948 మార్చిలో నెహ్రూ వచ్చి నీళ్ళలోకి దింపాడు. ఇవన్నీ విడివిడిగా వికీపీడియాలో ఉన్నాయి. కలిపి చెప్పే నోరు లేదు. సముద్రంతో బతికిన ఊరు మాది అనే ఒక్క దారం చాలు అన్నీ గుచ్చడానికి, ఆ దారం పట్టుకోకుండా మనం పక్కూళ్ళ పూసలు ఏరుకొస్తున్నాం.

ఉదాహరణకి ఫ్లోటింగ్ బ్రిడ్జ్. కేరళలో పెట్టారు, బాగుంది, మనమూ పెడదాం అనుకున్నారు. 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్‌లో ఓపెనింగ్ అయ్యింది, మర్నాటికే చివరి ముక్క విడిపోయి కనపడింది. అధికారులేమో అలల ఉధృతి వల్ల మేమే విడదీసి చూశాం, మాక్ డ్రిల్ అన్నారు. అయ్యుండొచ్చు, కానీ జనం నవ్వుకున్నారుగా. అదే సముద్రం, పాతికేళ్ళ కింద దాంట్లోంచి సబ్‌మెరైన్‌ని లాగి కూర్చోబెడితే ఇప్పటికీ అలాగే ఉంది, 2014లో హుద్‌హుద్ తుఫాను ఊరిని చీల్చి చెండాడినా అది అక్కడే నిలబడింది. మన సముద్రం గురించి తెలిసినోళ్ళు చేసిన పనికీ, వేరే ఊరి వీడియో చూసి చేసిన పనికీ అంత తేడా ఉంటది.

విరాట్ సంగతి కూడా గుర్తుండే ఉంటది. ఆ విమానవాహక నౌకని తెచ్చి వైజాగ్‌లో మ్యూజియం చేస్తాం అన్నారు, పేపర్లన్నీ రాశాయి, చివరికి 2020లో గుజరాత్‌లో ఓడలు విరగ్గొట్టే అలంగ్‌కి తుక్కు కింద పోయింది. ఖర్చు సంగతి నాకు తెలుసు, అంత పెద్దదాన్ని నిలబెట్టడం సబ్‌మెరైన్ అంత సులువు కాదు. కాకపోతే తెస్తామని చాటింపు వేసేటప్పుడే ఆ లెక్క చూసుకుంటే పోయేది కదా.

రుషికొండ ఇంకో రకం. 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది, అంటే శుభ్రంగా భద్రంగా ఉన్న బీచులకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, దేశంలో మొదట వచ్చిన ఎనిమిది బీచుల్లో అదొకటి, గర్వపడాల్సిందే. 2025 మొదట్లో నిర్వహణ బాలేదని తాత్కాలికంగా తీసేశారు, కొన్ని వారాల్లోనే శుభ్రం చేసుకుని మళ్ళీ తెచ్చుకున్నారు. చాలామంది దాన్ని పరువుతక్కువ కింద రాశారు, నాకు మాత్రం మళ్ళీ తెచ్చుకోవడమే మెచ్చుకోవాల్సిన ముక్కలాగా కనపడింది. ఊరు గొప్పగా ఉంది అని చెప్పడం ఒక్క రోజు పని, పొద్దున్నే చెత్త ఎత్తడం, కుక్కల్ని చూసుకోవడం, టాయిలెట్‌లో నీళ్ళు రావడం రోజూ చేసే పని, ఆ రెండోది చేసే వాళ్ళకి ఏ హోర్డింగ్ మీదా ఫోటో ఉండదు.

ఎర్రమట్టి దిబ్బలు మరీ అన్యాయం. భీమిలి వెళ్ళే దారిలో, వేల ఏళ్ళ కింద గాలీ సముద్రమూ కలిసి పేర్చిన ఎర్ర ఇసక, జాతీయ భూవారసత్వ స్థలం, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. మా ప్యాకేజీలో లేనే లేదు. ఎందుకు లేదు అని డ్రైవర్‌ని అడిగితే "అక్కడ కొనడానికేం లేదు కదండీ" అన్నాడు. ఆ రోజు మొత్తం మీద ఆ టూర్ వాళ్ళ వైపు నుంచి వచ్చిన నిజాయితీ గల మాట అదొక్కటే, అందుకే ఆ ఒకటిన్నర.

ఇప్పుడు గూగుల్ డేటా సెంటర్ వస్తుందని అందరూ ఊగిపోతున్నారు, రానివ్వండి, మంచిదే, ఉద్యోగాలు వస్తే మా పిల్లలు బెంగళూరు పోయే పని తప్పుతది. కానీ పెట్టుబడి సదస్సుకి వచ్చినోడికి వీడియో చూపించే ముందు కురుసురలో ఒక గంట తిప్పండయ్యా. ఎవరో వచ్చి మనల్ని గొప్పోళ్ళని చేస్తారు అని కాకుండా, కష్టమైన పని కుదురుగా చేసిన మనుషులు ఈ ఊళ్ళో ఎప్పట్నుంచో ఉన్నారు అని వాడికి దానంతట అదే అర్థమవుతది. ఇదే పద్ధతి మిగతా చోట్ల కూడా పెట్టొచ్చు. షిప్‌యార్డులో రిటైరైన వెల్డర్ ఓడ గురించి చెప్తే వినమా? స్టీల్ ప్లాంట్‌లో ఫర్నేస్ దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడినాయన చెప్తే? హార్బర్‌లో తెల్లారుజామున చేపల వేలం దగ్గర ఒక మత్స్యకార పెద్దాయన ఏ చేప ఏ నెలలో ఎందుకొస్తదో చెప్తే నేను డబ్బులిచ్చి మరీ వింటాను. ఈ ఊళ్ళో అలాంటోళ్ళు వీధికొకరు ఉన్నారు, సాయంత్రం పూట పార్కు బెంచీల మీద ఖాళీగా కూర్చుని ఉన్నారు. యాంకర్లకీ ఇన్‌ఫ్లుయెన్సర్లకీ ఇచ్చేదాంట్లో కొంత వీళ్ళకిస్తే చాలు.

ఒక అభ్యంతరం వస్తదని తెలుసు, కామెంట్లలో ఎలాగూ రాస్తారు కాబట్టి నేనే చెప్తా, "టూరిస్టులకి కావాల్సింది ఎంజాయ్‌మెంట్ బ్రో, క్లాసులు కాదు" అని. క్లాసు కాదు ఇది. ఆ ఇరుకు గొట్టంలో పిల్లలు కేకలేస్తూ దూరుతున్నారు, మా బావ లాంటి మనిషి బయటికొచ్చాక కూడా పెరిస్కోప్ ఎలా తిరుగుతదో చేతులతో చూపిస్తున్నారు. ఎంజాయ్‌మెంట్ అంటే అదేగా మరి. జెట్ స్కీ ఎక్కడైనా దొరుకుద్ది.

నలభై నిముషాలు అన్న కుర్రాడికి మేం గంటన్నర చేశాం, బండిలో మిగతా ఫ్యామిలీలు కూడా రాలేదు కాబట్టి వాడు ఏం అనలేకపోయాడు. ప్యాకేజీలో ఆఖరి స్టాప్ ఏదో పార్క్ ఉంది, అది క్యాన్సిల్, ఎవరూ అడగలేదు కూడా.

సరే, టిప్స్.

సోమవారం సబ్‌మెరైన్‌కి సెలవు, ఇది తెలీక వచ్చి గేటు ముందు ఫోటో దిగి పోయేవాళ్ళు చాలామంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచి తెరుస్తారు, ఆదివారం టైమింగ్స్ వేరు, మారుతుంటాయి కాబట్టి వెళ్ళే ముందు చూస్కోండి. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, లైన్లో గైడ్ మాట వినపడదు, తోసుకుంటూ వెళ్ళిపోవడమే, వారం మధ్యలో వెళ్తే ఆయనతో నాలుగు మాటలు మాట్లాడొచ్చు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కష్టం, కంతలు దూరాలి, వాళ్ళని బయట బెంచీ మీద కూర్చోబెట్టండి, ఎదురుగా సముద్రం ఉంది ఎలాగూ. ఇరుకంటే భయం ఉన్నోళ్ళు మానేయడం మంచిది. చీర కంటే చుడీదార్ నయం అని మా అక్క రాయమంది. పెద్ద బ్యాగులు బండిలోనే వదిలెయ్యండి.

వరుస నన్నడిగితే ముందు విక్టరీ ఎట్ సీ, అక్కడ పిల్లలకి ఘాజీ కథ చెప్పండి, తర్వాత కురుసుర, తర్వాత రోడ్డు దాటి విమానం. ఆ వరుసలో చూస్తే మూడూ ఒకే కథలా ఉంటాయి. రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త, బైకులోళ్ళు బీచ్ రోడ్డుని రేస్ ట్రాక్ అనుకుంటారు. అయ్యాక మురీ మిక్చర్ తినండి, ఉల్లిపాయ ఎక్కువ వేయించుకోండి, నిమ్మకాయ పిండమనండి, అల వచ్చే దాకా వెళ్ళి కాళ్ళు తడుపుకోండి, అంతకంటే లోపలికి మాత్రం దిగకండి.

ప్యాకేజీ అవసరం లేదు, ఆటో చాలు.